రోజుకు మూడు లీటర్లు, రోగాలు లేని మంద: పాడి మేకల బేరంలో వినిపించే మాటలకు అర్థాలు

పాడి మేకను కొనాలని నలుగురు పెంపకందారులను కలిసినవారికి నాలుగు రకాల హామీలు వినిపిస్తాయి. ఒకరు తమ మేక రోజుకు మూడు లీటర్లు ఇస్తుందంటారు, ఒకరు తమ మందలో రోగాలు లేవంటారు, ఇంకొకరు వంశావళి కాగితాలు ముందు పెడతారు, మరొకరు ‘చూలు మేక, నెలలో ఈనుతుంది’ అంటారు. వీటిలో ఒక్కటి కూడా అబద్ధం కాకపోవచ్చు. అయినా తోలుకువచ్చిన మేక నెల తిరిగేసరికి లీటరున్నరకు దిగిపోవచ్చు, రెండేళ్ళకు మోకాళ్ళు వాచి కుంటవచ్చు. చెప్పిన మాట నిజమే అయినా కొన్నవారి అంచనా తప్పడానికి కారణం, అలాంటి ప్రతి మాట వెనుక పైకి చెప్పని షరతు ఒకటి ఉండడం: ఎన్నో ఈతలో, ఈనిన ఎన్ని రోజులకు, ఏ వయసులో చేసిన పరీక్షలో, ఎలాంటి మేత మీద. ఆ షరతులను ఒక్కొక్కటిగా విడమరిచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిన్న పెంపకందారు దగ్గర దొరికేది, దొరకనిది

చిన్న పెంపకందారు అంటే ఇక్కడ పదో ఇరవయ్యో మేకలను తానే ఈనించి, తానే పితికి, ఆడపిల్లలలో మంచివాటిని తన మందకే ఉంచుకుని మిగిలినవాటిని అమ్మే వ్యక్తి. నాలుగు చోట్ల కొని ఐదో చోట అమ్మే వ్యాపారికీ ఈయనకూ ఉన్న అసలు తేడా జ్ఞాపకంలో ఉంది. ఈ మేక తల్లి మూడో ఈతలో ఎంత పాలిచ్చింది, దాని అమ్మమ్మ పొదుగు ఏడేళ్ళ వయసులో జారిందా, పోయిన ఏడు పిల్లలు ఎందుకు చనిపోయాయి అనే ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు సాధారణంగా ఈయన ఒక్కరే. అనేక మందల పశువులు కలిసే సంతలో దొరకనిది, నా దృష్టిలో కొనేవారు నిజంగా వెల కట్టవలసినది, ఈ సమాచారమే.

ఈ సమాచారానికీ హద్దులున్నాయి. పదిహేను మేకల అనుభవం పదిహేను మేకల అనుభవమే. ఒక తల్లికి ముగ్గురు కూతుళ్ళూ బాగా పాలిచ్చినంత మాత్రాన నాలుగోదీ ఇస్తుందని రుజువు కాదు. పోతు ఒకటో రెండో ఉంటాయి కనుక దగ్గరి బంధుత్వంలో జతలు కట్టే ప్రమాదం ఎక్కువ. ప్రయోగశాల పరీక్షల ఖర్చు చిన్న మందకు భారమవుతుంది కనుక ‘మా మేకలకు ఏ రోగమూ లేదు’ అనే మాటకు చాలాసార్లు ‘ఏ రోగమూ మా కంటికి కనిపించలేదు’ అని అర్థం.

మూడు లీటర్లు అంటే ఏ రోజు మూడు లీటర్లు?

మేక ఈనడాన్నీ, దానితో మొదలయ్యే పాడినీ కలిపి ఈత అంటారు. ఇంకా ఈనని పడుచు మేక మరక. చూలు కాలం సుమారు 150 రోజులు. పాలిచ్చే కాలాన్ని పోల్చి చూడడానికి 305 రోజులుగా లెక్కించడం పాడి నమోదుల్లో ఆనవాయితీ. మళ్ళీ ఈనడానికి సుమారు రెండు నెలల ముందు పితకడం ఆపి పొదుగుకు విశ్రాంతి ఇస్తారు, అది వట్టికాలం.

ఈ కాలమంతటా పాలు ఒకేలా ఉండవు. ఈనిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య గరిష్ఠానికి చేరి, ఆ తరువాత క్రమంగా తగ్గుతాయి. మొదటి ఈతలో తక్కువగా ఉండి, మూడో నాలుగో ఈత నాటికి పూర్తి స్థాయికి వస్తాయి. అందువల్ల మొదటి ఈతలో ఆరో నెల నడుస్తుండగా రెండు లీటర్లిచ్చే మేక, నాలుగో ఈతలో నలభయ్యో రోజున మూడు లీటర్లిచ్చే మేక కంటే మేలైనది కావచ్చు.

గరిష్ఠం ఎంత అన్నదాని కంటే, అక్కడి నుంచి ఎంత నెమ్మదిగా దిగుతుంది అన్నది ముఖ్యం. రెండు మేకలను ఊహించుకుందాం. మొదటిది నెలల వారీగా రోజుకు సగటున 3.4, 4.0, 3.4, 2.8, 2.2, 1.7, 1.2, 0.8 లీటర్లు ఇచ్చి ఎనిమిది నెలలకే వట్టిపోయింది. రెండోది 2.6, 3.0, 2.9, 2.7, 2.5, 2.3, 2.1, 1.9, 1.7, 1.5 లీటర్లతో పది నెలలు ఇచ్చింది. నెలకు 30 రోజుల చొప్పున కూడితే మొదటిది 585 లీటర్లు, రెండోది 696 లీటర్లు. బేరం దగ్గర మొదటిది ‘నాలుగు లీటర్ల మేక’, రెండోది ‘మూడు లీటర్ల మేక’. పాడికాలం ముగిసేసరికి మూడు లీటర్లదే 111 లీటర్లు ఎక్కువ ఇచ్చింది.

కొలత తీసుకున్న పద్ధతిని బట్టి కూడా అంకె మారుతుంది. ఒక పూట పితకకుండా వదిలిన పొదుగు నిండుగా, బిగువుగా కనిపిస్తుంది. పిల్లలు తాగుతున్న మేక పాలు ఎన్నో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పూర్తిగా పితికి, పన్నెండు గంటల తరువాత ఒకసారి, మరో పన్నెండు గంటలకు ఇంకొకసారి పితికి కూడిన అంకెకే ఒక రోజు పాడి అని అర్థముంటుంది. పితికేటప్పుడు చూస్తే మరి కొన్ని సంగతులు బయటపడతాయి: రెండు చన్నుల ధార సమానంగా ఉందా, పితికాక పొదుగు వదులై మడతలు పడుతుందా, లేక ఒక వైపు గట్టిగా మిగిలిపోతుందా అన్నవి. అలా గట్టిపడడం పాత పొదుగువాపుకు గుర్తు కావచ్చు.

లీటర్ల లెక్కలో ఇమడనిది వెన్న. స్విట్జర్లాండ్‌లోని సానె లోయ నుంచి పేరు తెచ్చుకున్న తెల్లని సానెన్ మేక పాలు ఎక్కువగా ఇస్తుంది; వెన్న సాధారణంగా 3 నుంచి 3.5 శాతం. పొడవాటి చెవుల ఆంగ్లో నూబియన్ పాలలో 4 నుంచి 5 శాతం ఉంటుంది. చిన్న శరీరం గల నైజీరియన్ డ్వార్ఫ్‌లో 6 శాతం దాటడం మామూలే. 3.3 శాతం వెన్నతో మూడు లీటర్లలో ఉండేది సుమారు 99 గ్రాములు, 6.2 శాతం వెన్నతో 1.6 లీటర్లలో ఉండేదీ అంతే. తాగడానికి పాలు కావలసినవారికి మొదటిదే మేలు. జున్నుగడ్డో నెయ్యో చేయదలచినవారికి ఆ రెండూ దాదాపు సమానం, పైగా చిన్న మేక తినే మేత తక్కువ.

ఆరోగ్యంగా కనిపించే మేకల కథ: మాల్టా

మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో నివసించిన బ్రిటిష్ సైనికులను పందొమ్మిదో శతాబ్దంలో ఒక మొండి జ్వరం పీడించేది. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1887లో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ వేరుచేశాడు. అది మనుషులకు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియడానికి మరో 18 ఏళ్ళు పట్టింది. 1905లో మాల్టాకు చెందిన వైద్యుడు థెమిస్టోక్లీస్ జామిట్ మేకల రక్తాన్ని పరీక్షించి, నిక్షేపంగా తిరుగుతున్న పాడి మేకలే ఆ క్రిమిని మోస్తున్నాయని కనుక్కున్నాడు. 1906లో సైనికులకు మేకపాలు ఆపేయగానే జ్వరాలు గణనీయంగా తగ్గాయి. అంతకాలం మేకలను ఎవరూ అనుమానించకపోవడానికి కారణం, అవి చూడడానికి ఆరోగ్యంగా ఉండడమే.

ఆ వ్యాధి నేటి బ్రూసెల్లోసిస్. మేకల్లో చూలు నిలవక ఈసుకుపోవడం దీని ప్రధాన లక్షణం. పచ్చిపాల ద్వారా, ఈసుకుపోయిన మాయను ముట్టుకోవడం ద్వారా మనుషులకు సోకుతుంది. 63 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట గానీ, 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు గానీ వేడిచేసిన పాలలో ఈ క్రిమి బతకదు. పచ్చిపాలకే రుచి ఉందని, ఆ పాలు గడ్డకట్టే తీరు వేరని వాదించేవారి మాటలో వాస్తవం లేకపోలేదు. ఆ ఇష్టాన్ని పరీక్షించని మంద పాల మీద తీర్చుకోవడంలోని ప్రమాదం మాత్రం మాల్టా నాటి నుంచి మారలేదు.

పైకి కనిపించని వ్యాధులు ఇంకా మూడు ఉన్నాయి. మొదటిది కాప్రైన్ ఆర్థరైటిస్ ఎన్‌సెఫలైటిస్, క్లుప్తంగా సీఏఈ. ఇది వైరస్ వల్ల వస్తుంది, ముఖ్యంగా ముర్రుపాలు, పాల ద్వారా తల్లి నుంచి పిల్లకు చేరుతుంది. దీనికి మందు లేదు, టీకా లేదు. సోకిన మేకలలో ఎక్కువ భాగం జీవితాంతం ఏ లక్షణమూ చూపవు. కొన్నింటికి పెద్దయ్యాక మోకాళ్ళు వాస్తాయి, పొదుగు రాయిలా గట్టిపడుతుంది. రెండోది జోన్స్ వ్యాధి. పిల్ల వయసులో పేడ కలిసిన మేత, నీటి ద్వారా సోకి ఏళ్ళ తరబడి దాగి, చివరకు మేత తింటూనే మేక చిక్కిపోయేలా చేస్తుంది. మూడోది దవడ కింద, భుజం ముందు చీము గడ్డలు లేపే కేసియస్ లింఫడినైటిస్. గడ్డ పగిలితే ఆ చీము పడిన నేలలో క్రిమి నెలల తరబడి బతికి ఉంటుంది.

ఒకే ‘నెగటివ్’ కాగితం, రెండు అర్థాలు

రక్తపరీక్షలో నెగటివ్ వచ్చిందంటే వ్యాధి లేదని చాలామంది అనుకుంటారు. పరీక్ష వెతికేది చాలాసార్లు వ్యాధికారకాన్ని కాదు, దాని మీద శరీరం తయారు చేసిన ప్రతిరక్షకాలను. సీఏఈ సోకిన తరువాత అవి కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అదే సమయంలో ఆరు నెలల లోపు పిల్లలో కనిపించే ప్రతిరక్షకాలు దానివి కాకుండా ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చినవి కావచ్చు. అందుకే మూడు నెలల పిల్ల పరీక్ష ఫలితం, అటైనా ఇటైనా, పిల్ల కంటే దాని తల్లి గురించే ఎక్కువ చెబుతుంది.

ఇంతకంటే తికమకపెట్టేది, ఒకే ఫలితానికి మందను బట్టి విలువ మారడం. లెక్క కోసం ఒక పరీక్ష సోకినవాటిలో నూటికి 95ను పట్టుకుంటుందనీ, సోకనివాటిలో నూటికి 95ను సరిగ్గా నెగటివ్ అంటుందనీ అనుకుందాం. నూటికి రెండింటికే వ్యాధి ఉన్న మందల నుంచి 1000 మేకలను పరీక్షిస్తే, సోకిన 20లో 19 పట్టుబడి ఒకటి తప్పించుకుంటుంది. సోకని 980లో 49 పొరపాటున పాజిటివ్‌గా వస్తాయి. మొత్తం 932 నెగటివ్‌లలో ఒక్కటే తప్పు, కానీ 68 పాజిటివ్‌లలో నిజమైనవి 19 మాత్రమే. ఇక నూటికి 40కి వ్యాధి ఉన్న మందల్లో సోకిన 400లో 20 తప్పించుకుంటాయి. మొత్తం 590 నెగటివ్‌లలో 20 తప్పు. అంటే సుమారు ముప్పై నెగటివ్‌లకు ఒకటి చొప్పున వ్యాధి ఉన్న మేక.

ఈ లెక్క నుంచి తేలేదేమిటంటే, కొనబోయే ఒక్క మేక కాగితం కంటే మంద మొత్తానికి వరుసగా కొన్నేళ్ళు చేసిన పరీక్షల నమోదు ఎంతో బలమైన ఆధారం. మంద చరిత్ర శుభ్రంగా ఉండి ఒక మేకకు పాజిటివ్ వస్తే మళ్ళీ పరీక్షించడం న్యాయం. చరిత్ర తెలియని మందలో ఒక నెగటివ్ వస్తే దానితో తృప్తి పడలేం. జోన్స్ వ్యాధి విషయంలో సందేహం ఇంకా ఎక్కువ, ఎందుకంటే తొలి దశలో ఉన్న చాలా మేకలను ఆ పరీక్షలు పట్టుకోలేవు.

ఒకే పోతు ఉన్న మంద, బోడి మేకల చిక్కు

ఒక పోతు, పది ఆడమేకలు ఉన్న మందలో మొదటి తరం పిల్లలన్నీ తండ్రి వైపు తోబుట్టువులే. అదే పోతును రెండేళ్ళ తరువాత దాని కూతుళ్ళ మీదకు వదిలితే పుట్టే పిల్లల అంతఃప్రజనన గుణకం 25 శాతం. సవతి అన్నాచెల్లెళ్ళ జతలో అది 12.5 శాతం. అంటే అంత వంతు జన్యుస్థానాల్లో ఒకే పూర్వీకుడి ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి చేరే అవకాశం ఉందన్నమాట. మంచి గుణాన్ని స్థిరపరచడానికి తెలిసే ఈ పని చేస్తామనే పెంపకందారులున్నారు, జాతుల చరిత్రలో అది జరిగింది కూడా. అయితే దానితో పాటు లోపాలూ స్థిరపడతాయి, చూలు నిలవడం, పిల్లల బతుకు మందగిస్తాయి. వాటిని ఏరివేయడానికి పెద్ద మంద కావాలి, చిన్న పెంపకందారుకు లేనిదే అది.

కొమ్ములు లేకుండా పుట్టే బోడి మేకలది వేరే చిక్కు. పొడుచుకోవు గనుక వాటికి గిరాకీ ఎక్కువ. బోడితనాన్ని ఇచ్చే జన్యు మార్పు రెండు వైపుల నుంచీ వస్తే, జన్యుపరంగా ఆడవైన పిల్లలు మగ లక్షణాలు కలిసి గొడ్డువై పుడతాయి. ఇది డీఎన్ఏలో ఒక చిన్న తునక లోపించడం వల్లనని 2001లో తేలింది. బోడి పోతును, బోడి ఆడమేకను జతగా కొన్నవారికి ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఎంతో మేలు.

పిల్లను తల్లి దగ్గర ఉంచడమా, వేరు చేయడమా

ఈ ప్రశ్న మీద మంచి పెంపకందారులే రెండుగా చీలిపోతారు. పుట్టగానే పిల్లను వేరు చేసి సీసాతో పెంచేవారికి సీఏఈ నివారణే ప్రధాన వాదం: ముర్రుపాలను 56 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి పట్టిస్తే వైరస్ చస్తుంది, రక్షణనిచ్చే ప్రతిరక్షకాలు చాలావరకు నిలుస్తాయి. ఇలా పెరిగిన పిల్ల మనుషులకు మచ్చికై, పితికేటప్పుడు నిలకడగా ఉంటుంది. తల్లి దగ్గరే వదిలేవారి వాదం కూడా బలమైనదే. పిల్ల కావలసినప్పుడల్లా కొంచెం కొంచెం తాగుతుంది, మేత తినడం తల్లిని చూసి నేర్చుకుంటుంది, మందలో మెలగడం దానికి తెలుస్తుంది. మంద పరీక్షల్లో శుభ్రంగా ఉంటే మొదటి వాదంలోని పెద్ద కారణం తొలగిపోతుంది కనుక, సమాధానం ఆ మంద చరిత్ర మీదే ఆధారపడుతుందని నాకు అనిపిస్తుంది.

ముర్రుపాల గడువు గురించి మాత్రం రెండు పక్షాలకూ భేదాభిప్రాయం లేదు. పిల్ల పేగు ప్రతిరక్షకాలను యథాతథంగా రక్తంలోకి తీసుకునేది దాదాపు మొదటి 24 గంటలే, ఆ శక్తి గంటగంటకూ తగ్గుతుంది. మొదటి రోజులో శరీర బరువులో పదో వంతు ముర్రుపాలు, అందులో ఎక్కువ భాగం మొదటి ఆరు గంటల్లో అందాలన్నది సాధారణ లెక్క. మూడు కిలోల పిల్లకు అది 300 గ్రాములు.

ఇల్లు మారిన మేకకు లోపల జరిగేది

కొన్న వారంలోనే పాలు తగ్గితే అమ్మినవారు మోసం చేశారని అనుకోవడం సహజం. చాలాసార్లు అసలు కారణం మేక కడుపులోనే ఉంటుంది. మేక తిన్న నారను దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు పులియబెడతాయి. ఎండుమేతకు అలవాటు పడిన సూక్ష్మజీవుల గుంపు దాణాకు సరిపడేలా మారడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఈ లోగా దాణా ఒక్కసారిగా పెంచితే పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. పేగుల్లో క్లాస్ట్రిడియం క్రిములు చెలరేగి చిటుకు రోగంతో, కళకళలాడుతున్న మేక రాత్రికి రాత్రే చనిపోవచ్చు. పాత చోటి మేత వారానికి సరిపడా వెంట పంపే పెంపకందారు చేస్తున్న ఉపకారం చిన్నది కాదు.

మేత లెక్కకు ఒక ఉదాహరణ చూద్దాం. 55 కిలోల మేక మూడు లీటర్లు ఇస్తున్నదనుకుంటే, శరీర బరువులో 4 శాతం చొప్పున దానికి రోజుకు 2.2 కిలోల పొడి పదార్థం (మేతలో నీరు పోగా మిగిలేది) కావాలి. మూడు లీటర్ల పాలకు కిలో దాణా అనే వాడుక లెక్క ప్రకారం దాణా నుంచి 0.9 కిలో వస్తుంది. మిగిలిన 1.3 కిలోలను ఎండుమేత, పచ్చిమేతల మధ్య సగం సగం పంచితే, ఎండుమేత సుమారు 0.7 కిలో, నీరు ఎక్కువగా ఉండే పచ్చిమేత 3.25 కిలోలు. గొర్రెల కోసం చేసిన ఖనిజ మిశ్రమం మేకకు చాలదు: గొర్రెకు విషమయ్యే రాగి మేకకు మరింత మోతాదులో అవసరం.

పాలు తగ్గడానికి ఇంకో కారణం మందలో హోదా. కొత్త మేక ఏ మందలో చేరినా అట్టడుగు నుంచి మొదలవుతుంది, తొట్టి దగ్గర దాని వంతు చివరే. ఒంటరి మేక పరిస్థితి ఇంకా దయనీయం. రోజంతా అరుస్తూ మేత మానేస్తుంది. అందుకే బాధ్యత తెలిసిన పెంపకందారులు ఒక్క మేకను ఒంటరి ఇంటికి అమ్మడానికి ఒప్పుకోరు. ముందే మేకలున్న చోట కొత్తదాన్ని సుమారు 30 రోజులు విడిగా ఉంచడం వల్ల రెండు వైపుల రోగాలూ బయటపడే వ్యవధి దొరుకుతుంది.

నట్టల మందు మీద వాదం

మూడు నెలలకోసారి మంద మొత్తానికి నట్టల మందు తాగించడం పాత పద్ధతి. దీనిని సమర్థించేవారు చెప్పేది తేలికగా కొట్టిపారేయదగినది కాదు: రక్తం పీల్చే హీమాంకస్ నట్ట వానల తరువాత కొన్ని వారాల్లోనే మేకను చంపగలదు, ప్రతి మేకను విడిగా గమనించే తీరిక అందరికీ ఉండదు. వ్యతిరేకించేవారు చూపేది మందులకు లొంగని నట్టలను. అన్నింటికీ మందు పోస్తే బతికి బయటపడేవి మొండి నట్టలే. వచ్చే తరం వాటి సంతానమే. మేక శరీరం చాలా మందులను గొర్రె కంటే వేగంగా విరిచేస్తుంది కనుక గొర్రె మోతాదుతో సరిపెట్టడం వల్ల ఈ సమస్య ఇంకా ముదిరింది.

దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పద్ధతి వీటికి మధ్యేమార్గం. కింది కనురెప్పను తెరిచి లోపలి రంగును ఐదు మెట్ల పటంతో పోల్చి, ఎర్రగా ఉన్నవాటిని వదిలేసి పాలిపోయినవాటికే మందు ఇస్తారు. ఇది రక్తహీనత కలిగించే నట్టకే పనికొస్తుంది, మిగతా రకాలకు పేడ పరీక్ష తప్పదు. అమ్మేవారు ‘నట్టల మందు పోశాం’ అన్నప్పుడు ఏ మందు, ఎంత మోతాదు, ఆ తరువాత పేడలో గుడ్లు తగ్గాయా అనే వివరం కూడా తెలిస్తేనే ఆ మాటకు విలువ ఉంటుంది. మొండి నట్టలు కొన్న మేకతో పాటే కొత్త పచ్చికలోకి వచ్చి స్థిరపడతాయి.

కొత్తచోట తొలి ఈత

ఇన్ని షరతుల మధ్య కొన్న మేక అసలు పాడి తెలిసేది, అది కొత్త యజమాని దగ్గర వట్టికాలం గడిపి ఈనినప్పుడే. ఆ ఫలితానికి పునాది చివరి రెండు నెలల్లో పడుతుంది. కడుపులో పిల్లలు వేగంగా పెరుగుతూ పొట్టకు చోటు తగ్గించే ఆ రోజుల్లో, రెండు మూడు పిల్లల చూలుతో ఉన్న మేకకు తిన్నది చాలక తన కొవ్వును కరిగించుకునే వ్యాధి రావచ్చు. మరీ బక్కవీ, మరీ బలిసినవీ దానికి ఎక్కువగా లోనవుతాయి. చిటుకు, ధనుర్వాతం టీకాలను ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేయడానికి కారణం, అప్పటికి పెరిగే ప్రతిరక్షకాలు ముర్రుపాలలో చేరి పిల్లకు అందడం. ఇలా ఈనిన మేక పాలను రెండో నెలలో ఒకసారి, ఐదో నెలలో ఒకసారి, ఎనిమిదో నెలలో ఒకసారి రెండు పూటలూ కొలిచి రాసుకుంటే, అమ్మినవారు చెప్పిన మూడు లీటర్లు ఏ రోజువో ఆ కాగితమే చెబుతుంది. ఆ మేక కూతురును కొనడానికి వచ్చేవారికి చూపించడానికీ అదే పనికొస్తుంది.